ఆన్‌లైన్ క్యాసినో నమ్మొచ్చా? పైసలు వేయకముందు ఇవి చూడండి

"అన్నా, వీటిల్లో జెన్యూన్ యాప్ ఏది?" హన్మకొండ చౌరస్తాలో మొబైల్ షాపుల దగ్గర, కాజీపేట హాస్టల్ గదుల్లో, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద కూర్చుని కాంటా కోసం ఎదురుచూసే కుర్రాళ్ల మధ్య తరచూ వినపడే ప్రశ్న ఇది. జవాబు ముందే చెప్పేస్తాను. వరంగల్‌లో కూర్చుని పైసలు పెట్టి ఆడేవాళ్లకు నమ్మదగ్గ ఆన్‌లైన్ క్యాసినో లేదు. కొన్ని యాప్‌లు పచ్చి మోసం. కొన్ని వేరే దేశంలో లైసెన్సు తీసుకుని సక్రమంగానే నడుస్తున్నవి. కానీ మీ పైసలు ఆగిపోయిన రోజు ఈ రెండింటికీ తేడా ఏమీ కనపడదు.

నా మాట నమ్మాల్సిన పనిలేదు. కింద చెప్పిన ప్రతిదీ మీ ఫోన్‌లో మీరే తేల్చుకోవచ్చు. ఇప్పటికే పైసలు వేసి ఇరుక్కున్నవాళ్లు మాత్రం మధ్యలోవన్నీ వదిలేసి నేరుగా "పైసలు పోయాయా?" అన్న భాగానికి వెళ్లండి. అక్కడ ఆలస్యం పనికిరాదు.

ముందు చట్టం చూడండి

తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2017లో దాన్ని సవరించి, జూదగృహం అనే మాటకు ఇచ్చిన అర్థంలోకి సైబర్ స్పేస్‌ను కూడా తెచ్చారు. అంతకుముందు "ఇది నైపుణ్యం ఆట" అని తప్పించుకున్న రమ్మీకి కూడా ఆ దారి మూసుకుపోయింది. అప్పట్లో టీవీలో రమ్మీ ప్రకటన చివర గబగబా ఒక వాక్యం చదివేవారు, గుర్తుందా? ఫలానా రాష్ట్రాల వాళ్లు ఆడరాదు అని. అందులో మన రాష్ట్రం పేరు ఉండేది ఇందుకే.

తర్వాత దేశం మొత్తానికి వర్తించేలా పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట, అది అదృష్టమైనా నైపుణ్యమైనా, నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆ పైసల లావాదేవీలు చూసిపెట్టినా శిక్షే. కేంద్ర చట్టం ఆడేవాళ్లను శిక్షించదు. అలాగని పూర్తిగా నిశ్చింత అనుకోవద్దు, మన రాష్ట్ర చట్టంలో ఆడేవాళ్లు కూడా కేసులోకి వస్తారు.

ఆ బిల్లు పాసవగానే డ్రీమ్ ఎలెవెన్, ఎంపీఎల్ లాంటి పేరున్న కంపెనీలే పైసల ఆటలు ఆపేశాయి. ఆఫీసులు, ఉద్యోగులు, లాయర్లు ఉన్నవాళ్లే దుకాణం కట్టేస్తే, ఇంకా మీ దగ్గర పైసలు తీసుకుంటున్నది ఎవరు?

"మరి గోవాలో లేవా?" అంటారు. ఉన్నాయి. మాండవి నదిలో పడవల మీద నడుస్తున్నాయి, అక్కడి చట్టం ప్రకారం. ఆ అనుమతి ఆ పడవ ఎక్కినవాడికే. నర్సంపేటలో ఫోన్ పట్టుకున్నవాడికి దాంతో సంబంధం లేదు.

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఒకటి ఎవరూ చెప్పరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టులో దావా వేయలేరు. ఏనుమాములకు పత్తి తీసుకెళ్తే అడ్తిదారు ఉంటాడు, కాంటా ఉంటుంది, తక్‌పట్టీ చేతికొస్తుంది. లెక్కలో తేడా వస్తే ఆ కాగితం పట్టుకుని మార్కెట్ కమిటీ ఆఫీసుకు పోవచ్చు. క్యాసినో యాప్‌లో మీ చేతికి తక్‌పట్టీ రాదు, పోయి అడగడానికి ఆఫీసూ లేదు. నమ్మకం సంగతి అసలు ఇక్కడే తేలిపోయింది. మిగతావి ఎదుటివాడు ఏమని మభ్యపెడతాడో తెలుసుకోవడానికి.

లైసెన్సు బొమ్మ మీద నొక్కి చూడండి

సైట్ అడుగున చిన్న ముద్ర ఉంటుంది. కురసావో, మాల్టా, ఆంజువాన్, ఇంకేదో. మొదట దాని మీద నొక్కండి. ఏమీ తెరుచుకోకపోతే అది ఉత్త బొమ్మ. ఏదైనా పేజీ తెరుచుకుంటే పైన అడ్రస్ చూడండి, అది నిజంగా ఆ దేశపు నియంత్రణ సంస్థ సైటేనా, లేక ముద్ర లాగే తయారుచేసిన ఇంకో పేజీనా? అనుమానం వస్తే ఆ లింకు వదిలేసి, ఆ సంస్థ సైట్‌ను విడిగా వెతికి తెరవండి. మాల్టా సంస్థ తన లైసెన్సుదారుల జాబితాను అందరికీ కనపడేలా పెడుతుంది. అందులో కంపెనీ పేరు మాత్రమే కాదు, మీరు చూస్తున్న సైట్ అడ్రస్ కూడా ఉండాలి. ఒక్క అక్షరం, ఒక్క అంకె తేడా ఉన్నా అది వేరే సైటే.

కురసావో అనే కరీబియన్ దీవిలో చాలాకాలం ఒక పెద్ద లైసెన్సు కింద పదుల కొద్దీ ఉప లైసెన్సులు నడిచేవి. 2024 డిసెంబరులో కొత్త చట్టం వచ్చి ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. కాబట్టి ఇప్పటికీ పాత ఉప లైసెన్సు నంబరే చూపిస్తుంటే, వాడు చెప్పేది పాత ముచ్చట.

అన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకుందాం. అయినా ఆ లైసెన్సు మీకు పనికిరాదు. కరీబియన్ దీవిలో ఇచ్చిన కాగితం మన దేశంలో ఆడించడానికి అనుమతి కాదు. మన ఆఫీసర్లకు అక్కడ అధికారం లేదు, అక్కడివాళ్లకు మీ ఆధార్‌తో పనిలేదు.

ఇంకో పరీక్ష. సైట్ మీద "2012 నుంచి సేవలో" అని రాసి ఉంటే, ఆ డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడండి. హూ ఈజ్ అని వెతికితే ఉచితంగా చూపించే సైట్లు చాలా ఉన్నాయి. పదేళ్ల కంపెనీకి మూడు నెలల డొమైన్ ఉందంటే, పాతది కేంద్రం బ్లాక్ చేసిందనో, పాత పేరుతో జనాన్ని ముంచి పారిపోయారనో అర్థం. సైట్ పేరు చివర అంకెలు మారుతూ ఉండడం కూడా దీనికే గుర్తు.

పైసలు ఎవరి ఖాతాకు పోతున్నాయి?

నా లెక్కలో అన్నిటికంటే తేలికైన, అన్నిటికంటే గట్టి పరీక్ష ఇది. డిపాజిట్ నొక్కి క్యూఆర్ వచ్చేదాకా వెళ్లండి. స్కాన్ చేశాక యూపీఐ యాప్‌లో ఎవరి పేరు వస్తోందో చదివి, పైసలు పంపకుండానే వెనక్కి రండి. ఓ పది నిమిషాలాగి మళ్లీ చూడండి. మొదటిసారి ఏదో కిరాణా షాపు పేరు, రెండోసారి ఎవరో మనిషి పేరు, సాయంత్రానికి ఇంకో రాష్ట్రంలోని ట్రేడర్స్ పేరు వస్తుంది. క్యాసినో పేరు మాత్రం ఎక్కడా కనపడదు.

ఇవన్నీ కిరాయి ఖాతాలు. నెలకు ఇంత అని ఇచ్చి విద్యార్థుల దగ్గర, కూలీల దగ్గర పాస్‌బుక్, సిమ్ తీసుకుంటారు. "ఖాతా ఇస్తే కమీషన్ ఇస్తాం" అని మీ హాస్టల్‌లో ఎవరైనా తిరుగుతుంటే దగ్గరకు కూడా రానీయకండి. కేసు అయినప్పుడు పోలీసులు మొదట పట్టుకునేది ఖాతాదారుడినే, యాప్ యజమానిని కాదు.

ఇందులో గెలిచినవాడికీ ఒక ముప్పు ఉంది. మీకు వచ్చే విత్‌డ్రా సొమ్ము కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. ఆ ఖాతాలో ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన పైసలు కలిసి ఉంటాయి. అక్కడి బాధితుడు ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము ఏయే ఖాతాలకు చేరిందో చూసుకుంటూ వచ్చి మీ ఖాతాను కూడా ఆపేస్తారు. 2,000 గెలిచినందుకు జీతం ఖాతా మొత్తం ఫ్రీజ్ అయి, ఈఎంఐ బౌన్స్ అయి, బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు.

క్రిప్టోలో వేయమంటే ఇక ఆలోచించకండి. అది పోతే వెనక్కి పిలిచే దారే లేదు.

చిన్న విత్‌డ్రా వచ్చిందని మురిసిపోవద్దు

"నేను 500 వేసి చూశాను, 800 వచ్చాయి, యాప్ మంచిదే" అంటాడు మీ సోపతి. చిన్న సొమ్ము వెంటనే ఇవ్వడం ఈ దందాలో ఖర్చు కింద రాసుకునేదే. పరీక్ష ఎప్పుడూ పెద్ద సొమ్ము దగ్గరే. 40,000 తీయాలని నొక్కినప్పుడు కెవైసీ గుర్తొస్తుంది. ఆధార్ మీద వరంగల్ అడ్రస్ చూసి "మీ ప్రాంతంలో మా సేవలు లేవు, నిబంధనలు ఉల్లంఘించారు" అని ఖాతా మూసేస్తారు. వేసేటప్పుడు అడ్డురాని అడ్రస్ తీసేటప్పుడు అడ్డొస్తుంది. ఫేక్ జీపీఎస్ యాప్ పెట్టుకుని ఆడినవాళ్ల పని మరీ అధ్వానం, నిబంధన తప్పినట్టు రుజువు వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది.

దీనికి మించిన ఇంకో ఎత్తు ట్యాక్స్ పేరుతో వేస్తారు. "మీరు 1,20,000 గెలిచారు. 30 శాతం ట్యాక్స్ 36,000 ముందు కట్టండి, గంటలో మొత్తం వస్తుంది." ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే, 2023 నుంచి. మోసగాడు ఆ నిజాన్నే వాడుకుంటాడు. కానీ టీడీఎస్ అంటే ఇచ్చేవాడు ఇచ్చే సొమ్ములోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టేది. గెలిచినవాడు ఎవరి యూపీఐకో ముందుగా పంపే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. ట్యాక్స్ అన్నా, ఖాతా అన్‌లాక్ ఫీజు అన్నా, వీఐపీ అప్‌గ్రేడ్ అన్నా, తిరిగి తీసుకోవడానికి ముందు కట్టమంటే అక్కడితో ఆగిపోండి. మొదట పోయినదానికంటే ఈ దశలో పోయేది ఎక్కువ కావచ్చు. మిత్తికి తెచ్చి మరీ పంపేది ఇక్కడే.

బోనస్ లెక్క కాగితం మీద వేయండి

"5,000 వేస్తే ఇంకో 5,000 ఫ్రీ." ఫ్రీ అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో 35 ఎక్స్ అని ఉంటుంది. అంటే బోనస్‌కు 35 రెట్లు పందెం కాస్తే గానీ పైసలు బయటకు తీయలేరు. 5,000 ఇంటూ 35, అంటే 1,75,000 రూపాయల పందేలు. బొమ్మలు తిరిగే స్లాట్ ఆటకు 96 శాతం తిరిగి వస్తుందని వాళ్లే రాస్తారు. అంటే ప్రతి వంద పందేనికి సగటున 4 రూపాయలు వాళ్లవి. 1,75,000 మీద నాలుగు శాతం 7,000. ఫ్రీగా ఇచ్చింది 5,000, ఆ ఫ్రీ కోసం సగటున పోయేది 7,000. కొన్ని సైట్లు బోనస్, డిపాజిట్ రెండూ కలిపి 35 రెట్లు అంటాయి. అప్పుడు పందేలు 3,50,000, పోయేది 14,000. మీ జేబులో 5,000, వాళ్ల బోనస్ 5,000, మొత్తం పదివేలే కాబట్టి చాలామంది ఆ లెక్క సగం చేరకముందే సున్నాకు వస్తారు.

ఇది మోసం లేని యంత్రంతో వేసిన లెక్క. గోళీ, చక్రంతో ఆడే రూలెట్‌నే తీసుకోండి. సున్నా నుంచి 36 వరకు 37 గడులు. ఒక్కో గడి మీద వంద చొప్పున అన్నిటి మీదా పెట్టారనుకోండి, 3,700 ఖర్చు. ఏదో ఒకటి తగలాల్సిందే. తగిలిన వందకు 35 వందలు, మీ వంద, కలిపి 3,600 చేతికొస్తాయి. గోళీ ఎక్కడ ఆగినా వంద వాళ్లది. రెండు సున్నాలున్న చక్రమైతే 38 గడులు, పోయేది రెండు వందలు. మన పత్తాలాటలో ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరి జేబులోకి పోతుంది, సాయంత్రానికి ఆ పైసలు ఊళ్లోనే ఉంటాయి. ఇక్కడ ప్రతి రౌండుకీ కొంత బయటికి పోతూనే ఉంటుంది. అలాగని పత్తాలాట మంచిదని కాదు, అదీ నేరమే.

ఇక రంగు చెప్పే ఆటలు, విమానం పైకి లేచి పేలిపోయే ఆటలు. వీటికి నకళ్లు లెక్కలేనన్ని. రంగుల ఆట యాప్‌లు రెడీమేడ్‌గా అమ్ముతారు. ఏ రంగు రావాలో నడిపేవాడే ఎంచుకునే ప్యానెల్ కూడా వాటితోనే వస్తుంది. ఎక్కువ పైసలు ఏ రంగు మీద ఉంటే అది రానీయడు, అంతే. "సిగ్నల్స్ ఇస్తాం, వంద శాతం గెలుపు" అనే టెలిగ్రామ్ గ్రూపులు నడిపేది కూడా ఎక్కువగా వీళ్లూ వీళ్ల ఏజెంట్లే.

యాప్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చెప్పారు?

ప్లే స్టోర్‌లో లేక, వాట్సాప్ లింకుతో ఏపీకే ఫైలుగా వచ్చిందంటే ఇన్‌స్టాల్ చేయకండి. ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే మీ ఓటీపీలు, కాంటాక్టులు అడిగితే మీ చుట్టాల నంబర్లు వాళ్లవే. ఆట యాప్‌కు మీ మేనమామ నంబరుతో ఏం పని?

రీల్స్‌లో నోట్ల కట్టలు చూపించేవాళ్ల సంగతి అందరికీ ఎరుకే. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ సోషల్ మీడియాలో దీని మీద గట్టిగా మాట్లాడారు. మనలో చాలామందికి తట్టనిది రిఫరల్ కోడ్ సంగతి. సోపతికి కోడ్ పంపి 200 బోనస్ తీసుకున్నవాడు కూడా ప్రచారం చేసినవాడి కిందికే రావచ్చు.

పైసలు పోయాయా? వెంటనే ఇవి చేయండి

ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు, ఎందుకంటే పైసలు మోసగాళ్లు వాడే ఆ కిరాయి ఖాతాలో ఉన్నంతసేపే ఆపగలరు. అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలు దాటితే దొరకడం కష్టం. ఫోన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు), తేదీ, సమయం, ఎవరికి పంపారో ఆ యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి, తర్వాత ప్రతిచోటా అదే అడుగుతారు. వరంగల్ కమిషనరేట్‌కు సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది. అక్కడికి పోలేకపోతే మీ ఊరి స్టేషన్‌లోనే చెప్పండి, పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి.

"ఆడినందుకు నామీదే కేసు పెడతారేమో" అనే టెన్షన్‌తో చాలామంది నోరు విప్పరు. మోసగాళ్లకు కావాల్సిందీ అదే. పెద్ద సొమ్మయితే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి వెళ్లండి. ఫీజు కష్టమైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, అర్హత ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. "పోయిన పైసలు తెచ్చిపెడతాం, కొంచెం ఫీజు" అని ఫోన్ చేసేవాళ్లు మాత్రం రెండో దఫా మోసగాళ్లు.

యాప్‌ను వెంటనే తీసేయకండి. ముందు చాట్‌లు, వాలెట్ బ్యాలెన్స్, వాళ్లిచ్చిన ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, తర్వాత తొలగించండి.

ఆపాలని ఉన్నా చెయ్యి ఆగడం లేదంటే ఫోన్‌కే అడ్డుకట్ట వేయండి. బ్యాంకు యాప్‌లో డెబిట్ కార్డుకు ఆన్‌లైన్, అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేసే మీట ఉంటుంది, ప్రతి బ్యాంకూ అది ఇవ్వాల్సిందే. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించమని బ్యాంకులో అడగండి. జీతం పడే ఖాతాకు యూపీఐ తీసేసి, ఖర్చులకు చిన్న ఖాతా వేరే పెట్టుకోవడం ఇంకా నయం. ఇంట్లో ఒక్కరికైనా మొత్తం అప్పు ఎంతో చెప్పండి, సగం కాదు, మొత్తం. సగమే చెప్పినవాడు మిగతా సగం తీర్చడానికి మళ్లీ ఆడతాడు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా ఎత్తుతారు.

ఖాతా ఫ్రీజ్ అయితే బ్యాంకు మేనేజర్ మీద కేకలేసి లాభం లేదు, ఆయన చేతిలో లేదు. లిఖితపూర్వకంగా మూడు సంగతులు అడగండి: ఏ పోలీస్ స్టేషన్ చెప్పింది, ఫిర్యాదు నంబరు ఏది, ఎంత సొమ్ము మీద ఆపారు. వివాదంలో ఉన్నది 2,000 అయితే అంతవరకే ఆపి మిగతాది వదలమని అర్జీ పెట్టండి. తర్వాత ఆ స్టేషన్‌కు, అది గుజరాత్‌లో ఉన్నా సరే, ఆ సొమ్ము మీకెలా వచ్చిందో రాసి, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ నకలు జతచేసి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. జవాబు రాకపోతే లాయర్ ద్వారా మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేయాలి. పోగొట్టుకున్నవాళ్ల పైసలు బ్యాంకుల్లో ఆగి ఉంటే, 2024 నుంచి మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా వాటిని తిరిగి ఇప్పిస్తున్నారు. మీ ఫిర్యాదు కూడా ఆ వరుసలో ఉందేమో సైబర్ క్రైమ్ స్టేషన్‌లో కనుక్కోండి. ఇవన్నీ తేలడానికి నెలలు పడుతుంది. ఈలోగా జీతం ఆగకుండా ఆఫీసులో వేరే బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వండి, ఈఎంఐ ఉన్నచోట ముందే చెప్పి కొత్త ఖాతాకు మార్పించుకోండి.